సొంత పాటను వైజాగ్‌లో ఇంటి నుంచే విడుదల చేయడం ఎలా?

"అన్నా, పాట రెడీ అయిపోయింది. స్పాటిఫైలో ఎలా పెట్టాలి?" ఈ ప్రశ్న నన్ను అడగని వారం లేదు. ఏయూలో (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో) చదువుతూ బ్యాండ్ పెట్టుకున్నవాళ్లు అడుగుతారు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు దిగి వచ్చి రాత్రిళ్లు పాటలు కట్టుకునేవాళ్లు అడుగుతారు. గాజువాక నుంచి, మధురవాడ నుంచి, భీమిలి నుంచి అడుగుతారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. అప్‌లోడ్ చేయడం అరగంట పని. అసలు పని దానికి ముందు, దాని తర్వాత ఉంటుంది. సినిమా పాటకైతే పేర్లు రాయడం, కాగితాలు చూడడం, తేదీ పెట్టడం, డబ్బు వసూలు చేయడం మ్యూజిక్ కంపెనీ చూసుకుంటుంది. పాప్, రాక్ పాటలు సొంతంగా చేసుకునే మనకు ఆ కంపెనీ లేదు కాబట్టి ఆ పనులన్నీ మనమే చేయాలి. రాత్రి మిక్స్ (గొంతు, వాయిద్యాల పాళ్లు సరిచూసి కలపడం) పూర్తయి తెల్లారేసరికి పాట బయటపెట్టేసే అలవాటు మనవాళ్లకు చాలా ఉంది. దయచేసి మానేయండి. మాస్టర్, అంటే విడుదలకు సిద్ధమైన చివరి ఫైల్, చేతికి వచ్చాక విడుదలకు కనీసం నాలుగు వారాలు పెట్టుకోండి.

సిద్ధాంతం ఒక్క ముక్కే చెబుతాను. ప్రతి పాటకూ రెండు ఆస్తులుంటాయి. ఒకటి సాహిత్యం, బాణీ. ఇది రాసినవాళ్లది, కట్టినవాళ్లది. రెండోది రికార్డింగ్. ఇది దాన్ని చేయించినవాళ్లది. వీటి డబ్బు వేరు వేరు దారుల్లో వస్తుంది. కింద చెప్పే చాలా విషయాలకు ఇదే ఆధారం.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌గా రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. ఆపిల్ వాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. ఫోన్ ఒక్కటే ఉంటే బ్యాండ్‌ల్యాబ్‌తో మొదలుపెట్టండి.
- రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, గిటార్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ఒక మైకు, పాప్ ఫిల్టర్ (పాడేటప్పుడు ఊపిరి మైకుకు కొట్టకుండా ఆపే తెర), చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్.
- పాన్ కార్డు, మీ పేరు మీద బ్యాంకు ఖాతా. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు అమ్మానాన్నల పేరు మీద చేయాలి.
- పాటల కోసమే ఒక కొత్త ఈమెయిల్. స్నేహితుడి మెయిల్‌తో ఖాతాలు తెరవొద్దు. బ్యాండ్ విడిపోయిన రోజున పాస్‌వర్డ్ కోసం గొడవ పడాల్సి వస్తుంది.
- తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి టైప్ చేసిన సాహిత్యం.
- ఒక తెల్ల కాగితం, పెన్ను. ఎందుకో మొదటి అంచెలోనే తెలుస్తుంది.

1. రికార్డింగ్‌కు ముందే ఎవరి వాటా ఎంతో రాసుకోండి

సాహిత్యం ఎవరు రాశారు, బాణీ ఎవరు కట్టారు, రికార్డింగ్ ఖర్చు ఎవరు పెట్టారు, గిటార్ వాయించినవాళ్లకు కూలీ ఇచ్చేశారా లేక వాటా ఇస్తామన్నారా. ఈ నాలుగింటికీ జవాబులు ఒక కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి, ఫొటో తీసి తలా ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. ఉదాహరణకు పాట హక్కులో రచయితకు 50, స్వరకర్తకు 50. రికార్డింగ్‌లో నలుగురు సభ్యులకు తలా 25. అంకెలు మీ ఇష్టం. అసలు అంకెలంటూ ఉండాలి. "మనలో మనకెందుకురా" అన్న మాటతో మొదలైన బ్యాండ్లు మొదటి చెక్కు రాగానే మాట్లాడుకోవడం మానేస్తాయి.

రచయితలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. 1957 నాటి మన కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ రాయల్టీలో (పాట వాడకం మీద వచ్చే డబ్బులో) మీ వాటాకు రక్షణ ఇచ్చింది. హక్కులు ఇంకొకరికి రాసిచ్చినా, రాయల్టీ వాటాను వదులుకుంటున్నట్టు మీ చేత రాయించుకోవడం చెల్లదు. అలాంటి వాక్యం ఉన్న కాగితం ఎవరైనా ముందు పెడితే సంతకం చేయకండి.

పాత కవిత్వానికి రాక్ బాణీ కట్టాలనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. మంచి ఆలోచనే. కాకపోతే లెక్క చూసుకోండి. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయారు. అంటే 2043 చివరి దాకా ఆయన హక్కుదారుల అనుమతి కావాలి.

ఉత్తరాంధ్ర జానపదాల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి. ఊరందరికీ వచ్చిన పాట అనుకుంటాం, తీరా చూస్తే దానికి రచయిత ఉంటాడు. 2020లో కన్నుమూసిన వంగపండు ప్రసాదరావు పాటలను జానపదాలనుకుని పాడుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "జానపదం" అని అప్‌లోడ్ ఫారంలో రాసే ముందు ఊళ్లో పెద్దవాళ్లను, కళాబృందాల వాళ్లను అడిగి తెలుసుకోండి. రాసినవాళ్ల పేరు లేకుండా వాళ్ల పాట మన పేరు మీద తిరగడం అన్యాయం. రేపు మన పాటకూ అదే జరగొచ్చు.

మొదటి విడుదలగా సినిమా పాట కవర్, అంటే ఉన్న పాటనే మళ్లీ మనం పాడడం, మాత్రం వద్దు. అనుమతులు ఒక పట్టాన రావు. యూట్యూబ్‌లో పెట్టగానే కంపెనీ క్లెయిమ్ (ఆ పాట తమదన్న దావా) పడుతుంది. "ఫ్రీ బీట్" అని యూట్యూబ్‌లో దొరికేవాటితోనూ ఇదే తంటా. చాలావరకు అవి డబ్బు సంపాదించని వాడకానికే ఉచితం.

2. ఇంట్లో రికార్డ్ చేయండి, వైజాగ్ గాలిని లెక్కలో పెట్టుకుని

హైదరాబాద్ వాళ్లో ముంబై వాళ్లో చేసిన వీడియోలు చూసి మొదలుపెట్టేవాళ్లకు మన ఊరి చిక్కులు ఎవరూ చెప్పరు.

ఒకటి, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఇళ్లలో గిటార్ స్టీలు తీగలు చాలా త్వరగా తుప్పు పడతాయి. తుప్పు తీగ శృతి నిలవదు, మెరుపు పోయి మొద్దుగా మోగుతుంది. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవండి. వీలైతే కోటింగ్ ఉన్న తీగలు కొనండి. రికార్డింగ్‌కు ఒకటి రెండు రోజుల ముందు కొత్త తీగలు వేసి కాస్త వాయించండి. అదే రోజు వేస్తే సాగుతూ శృతి తప్పుతాయి. కండెన్సర్ మైకును సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టండి.

రెండు, ఉక్క. ఫ్యాన్ వేస్తే మైకులో గాలి, ఏసీ వేస్తే హోరు. రెండూ ఆపేసి చిన్న చిన్న టేకులుగా పాడండి, మధ్యలో ఫ్యాన్ వేసుకోండి. తెల్లవారుజామున ఎండా ఉండదు, రోడ్ల మీద హారన్లూ ఉండవు. ఎయిర్‌పోర్టు, ఎన్‌ఏడీ వైపు ఉండేవాళ్లు విమానాలు, నేవీ హెలికాప్టర్లు ఏ వేళల్లో ఎక్కువగా వెళ్తాయో రెండు మూడు రోజులు గమనించి సమయం ఎంచుకోండి.

మూడు, కరెంటు. హెడ్‌ఫోన్స్‌లో సన్నగా "హుమ్మ్" అని వినిపిస్తోందా? ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. ఆ మోత పోయిందంటే మీ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగ్గా లేకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. అప్పటిదాకా బ్యాటరీ మీదే రికార్డ్ చేయండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో ప్రతి టేకు తర్వాత సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకోండి.

గదికి వేలకు వేలు పోసి ఫోమ్ అంటించక్కర్లేదు. బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచి, పాడేవాళ్ల వెనక రెండు బొంతలు వేలాడదీసి, కింద పరుపు వేయండి. గుడ్డు అట్టలు అంటించడం మాత్రం దండగ. ప్రతిధ్వని తగ్గిందో లేదో చూడాలంటే గదిలో గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే తెగిపోవాలి. "టంగ్" మని సాగితే ఇంకో బొంత కావాలి.

పాడేటప్పుడు మైకుకు జానెడు దూరం ఉండండి. పాటలో గట్టిగా వచ్చే చోట కూడా లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (ఇంటర్‌ఫేస్ మీద మైకు శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) పెట్టండి. ఎర్ర లైటు వెలిగిన టేకును తర్వాత ఎవరూ బాగుచేయలేరు. మెట్రోనోమ్ క్లిక్ (తాళం తప్పకుండా వినిపించే టిక్ టిక్) మీదే వాయించండి. డ్రమ్స్ ఇంట్లో రికార్డ్ చేయడం కుదరని పని. ఉచితంగా దొరికే ఎంటీ పవర్ డ్రమ్‌కిట్ లాంటి ప్లగిన్‌తో ప్రోగ్రామ్ చేయండి, లేదా మిగతావన్నీ ఇంట్లో చేసుకుని డ్రమ్స్‌కు మాత్రం స్టూడియోలో గంటల లెక్కన తీసుకోండి. నా దృష్టిలో ఉన్న కాస్త డబ్బూ అక్కడ పెట్టడమే న్యాయం.

ఇంకొకటి. మీ యాసను రికార్డింగ్‌లో దాచకండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మాటతీరులో గిటార్ పాటలు ఇంకా చాలా రావాలి.

3. మిక్స్ సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షించండి

రాక్ పాటల్లో మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు గొంతును గిటార్ల కింద పూడ్చేయడం. రాసింది మీరే కాబట్టి ప్రతి మాటా మీకు వినిపిస్తూనే ఉంటుంది. వినేవాళ్లకు వినిపించదు.

దీనికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి పరీక్ష ఇది. పాట అసలు తెలియని మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. పిన్ని కావచ్చు, పక్కింటి డిగ్రీ కుర్రాడు కావచ్చు. ఒకసారి పాట వినిపించి, రెండోసారి వింటూ వినిపించిన మాటలు రాయమనండి. వాళ్లు ఖాళీ వదిలేసిన చోట, తప్పు రాసిన చోట మీ మిక్స్‌లో పని మిగిలి ఉంది. అక్కడ గిటార్‌ను కాస్త తగ్గించండి, లేదా గొంతు ఉండే మధ్యస్థాయిలో మాత్రం ఈక్వలైజర్‌తో గిటార్‌ను కొద్దిగా కోయండి. అప్పటికీ అర్థం కాకపోతే తప్పు మిక్స్‌ది కాదు. బాణీలో ఆ మాట తప్పు చోట విరిగింది. దీర్ఘం ఉండాల్సిన చోట పొట్టిగా, పొట్టిగా ఉండాల్సిన చోట సాగదీసి పాడితే తెలుగు మాట తెలుగులా వినిపించదు. ఆ వరుస మళ్లీ పాడండి. అప్‌లోడ్ కన్నా ఇది ముఖ్యం.

తర్వాత ఫోన్ స్పీకర్‌లో, చవక ఇయర్‌ఫోన్స్‌లో, ఎవరిదైనా కారులో వినండి. ఫోన్‌లో బేస్ గిటార్ పూర్తిగా మాయమైతే దానికి కొద్దిగా డిస్టార్షన్ కలపండి, చిన్న స్పీకర్లలోనూ తెలుస్తుంది.

శబ్ద తీవ్రత గురించి టెన్షన్ పడకండి. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి వినిపించే తీవ్రతను కొలిచే కొలమానం) సర్ది వినిపిస్తుంది. మీరు పిండి పిండి గట్టిగా చేస్తే వాళ్లు తగ్గించేస్తారు, మిగిలేది నలిగిన డ్రమ్సే. ట్రూ పీక్ (శబ్దం చేరే అత్యధిక స్థాయి) మాత్రం మైనస్ 1 దాటనివ్వకండి. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో చూసుకోవచ్చు.

చివరి ఫైల్ వేవ్ ఫార్మాట్‌లో, 44.1 కిలోహెర్ట్జ్, 16 లేదా 24 బిట్‌లో తీయండి. ఎంపీ3ని వేవ్‌గా మార్చి పంపితే నాణ్యత తిరిగి రాదు. పనిలో పనిగా గొంతు లేని కాపీ ఒకటి తీసి పెట్టుకోండి, స్టేజీ మీద పనికొస్తుంది.

4. పేరు ఖాయం చేసుకోండి

బ్యాండ్ పేరును స్పాటిఫైలో, ఆపిల్ మ్యూజిక్‌లో, యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతకండి. అదే పేరుతో ఇంకెవరైనా ఉంటే మార్చుకోండి. లేకపోతే మీ పాట ఏ బ్రెజిల్ గాయకుడి పేజీలోనో తేలుతుంది, అతని పాటలు మీ పేజీలో ఉంటాయి.

పాట పేరును జనం సెర్చ్‌లో ఎలా టైప్ చేస్తారో అలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. స్టైల్ కోసం అక్షరాలు రెట్టింపు చేస్తే ఎవరికీ దొరకదు. ఒకసారి ఎంచుకున్న స్పెల్లింగ్‌ను కవర్ మీద, ఫారంలో, యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో అక్షరం తేడా లేకుండా వాడండి. భాష అన్నచోట తెలుగు ఎంచుకోవడం మరిచిపోకండి. చాలా ఫారాల్లో ఇంగ్లిష్ ముందే టిక్ అయి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే తెలుగు పాటలు వినేవాళ్ల ముందుకు మీ పాట వెళ్లే అవకాశం తగ్గిపోతుంది.

5. కవర్ బొమ్మ

చదరంగా, 3000 పిక్సెల్స్ నిలువు, 3000 అడ్డం, జేపీజీ. కవర్ మీద పాట పేరు, బ్యాండ్ పేరు తప్ప ఇన్‌స్టా ఐడీలు, ఫోన్ నంబర్లు, స్పాటిఫై లోగో, "త్వరలో" లాంటి మాటలు ఉంటే తిప్పి పంపుతారు. గూగుల్‌లో దొరికిన ఫొటో వాడొద్దు. మీరు తీసిన ఫొటోలో నేవీ నౌకలు, డాక్‌యార్డ్ పడకుండా చూసుకోండి. డాల్ఫిన్స్ నోస్ వైపు డ్రోన్ ఎగరేయడం గురించి ఆలోచన కూడా పెట్టుకోవద్దు, అది రక్షణ ప్రాంతం.

పరీక్ష: కవర్‌ను ఫోన్‌లో బొటనవేలి గోరంత సైజుకు తగ్గించి చూడండి. అప్పటికీ పేరు చదవగలిగితే చాలు.

6. డిస్ట్రిబ్యూటర్‌ను ఎంచుకుని అప్‌లోడ్ చేయండి

స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్, జియోసావన్ లాంటివి మీ దగ్గర నుంచి నేరుగా పాట తీసుకోవు. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ కావాలి. మూడు పద్ధతులున్నాయి.

- ఏడాది చందా, ఎన్ని పాటలైనా: డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటివి. తరచూ పాటలు వేసేవాళ్లకు మంచిది. చందా ఆపితే పాటలు దిగిపోవచ్చు, ఆ షరతు చదవండి.
- పాటకు ఒకసారి కట్టడం: సీడీ బేబీ. ఏటా కట్టక్కర్లేదు, వచ్చే డబ్బులో 9 శాతం తీసుకుంటుంది. ఏడాదికి ఒకటో రెండో పాటలు చేసేవాళ్లకు ఇదే నయం.
- ముందు ఏమీ కట్టనక్కర్లేనిది: రూట్‌నోట్ ఉచిత ప్లాన్. ఆదాయంలో 15 శాతం తీసుకుంటుంది.

"మీ పాట మేమే వేస్తాం, హక్కులు మాకు రాసివ్వండి" అనే చిన్న లేబుళ్లు (మ్యూజిక్ కంపెనీలు) మన దగ్గరా ఉన్నాయి. ఎన్నేళ్లకు, ఏ హక్కు, బదులుగా ఏం చేస్తారు అని అడగండి. కాగితం మీద జవాబు ఇవ్వకపోతే వద్దు.

ఫారం నింపేటప్పుడు ఆగి చూడాల్సిన చోట్లు ఇవి. రచయిత, స్వరకర్త దగ్గర స్టేజీ పేరు కాదు, ఆధార్‌లో, పాన్‌లో ఉన్న అసలు పేరు రాయాలి. రాయల్టీ సంఘాలు ఆ పేరుతోనే మిమ్మల్ని గుర్తిస్తాయి. బాణీ కట్టింది ఇద్దరైతే ఇద్దరినీ రాయండి. మొదటి పాట అయితే "కొత్త ఆర్టిస్ట్ పేజీ" అని ఎంచుకోండి. రెండో పాట నుంచి పాత పేజీ లింకే ఇవ్వండి.

ఐఎస్‌ఆర్‌సీ అడిగితే ఖాళీగా వదలండి, డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. ఇది 12 అక్షరాల కోడ్, మీ రికార్డింగ్‌కు శాశ్వత గుర్తింపు. వచ్చాక రాసిపెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు అదే ఆడియో, అదే కోడ్‌తో కొత్త చోట పాట ఎక్కించి, అది కనబడ్డాకే పాతచోట తీసేయండి. అప్పుడే ఇప్పటిదాకా వచ్చిన స్ట్రీమ్‌ల లెక్క నిలుస్తుంది.

యూట్యూబ్ కంటెంట్ ఐడీ (మీ పాట వాడిన వీడియోలను పట్టుకునే ఏర్పాటు) కావాలా అని కూడా ఫారం అడుగుతుంది. పాటలోని ప్రతి శబ్దం మీరు చేసిందే అయితేనే అవునని చెప్పండి. గ్యారేజ్‌బ్యాండ్ లూప్ (అందరికీ దొరికే రెడీమేడ్ సంగీతపు ముక్క) ఒక్కటి వాడినా వద్దు. అదే లూప్ వాడిన వేరేవాళ్ల వీడియోల మీద మీ క్లెయిమ్ పడి చిక్కుల్లో పడతారు.

పాత వీడియోల్లో చెప్పే రెస్సో, వింక్ అనే పాటల యాప్‌లు ఇప్పుడు లేవు, రెండూ 2024లో మూతపడ్డాయి. వాటి గురించి వెతకకండి.

7. తేదీ పెట్టి, స్పాటిఫైకి పిచ్ చేయండి

2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలు శుక్రవారం విడుదలవుతున్నాయి. శుక్రవారమే పెట్టండి, సంక్రాంతికో దసరాకో పెద్ద సినిమాల పాటలు వస్తున్న శుక్రవారం మాత్రం కాదు.

పాట డిస్ట్రిబ్యూటర్ నుంచి వెళ్లాక స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో మీ పేజీని సొంతం చేసుకోండి. అక్కడ రాబోయే పాటను వాళ్ల ప్లేలిస్ట్ బృందానికి పిచ్ చేయవచ్చు, అంటే పాట గురించి చెప్పి ప్లేలిస్టులో వేయమని అడగవచ్చు. విడుదలైన పాటను పిచ్ చేయడం కుదరదు. కనీసం ఏడు రోజుల ముందు చేస్తే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్ (కొత్త పాటల ప్లేలిస్ట్) లోకి పాట వెళ్తుంది. నాలుగు వారాలు పెట్టుకోమన్నది ఇందుకే. ఫారంలో తప్పు దొర్లి పాట తిరిగొచ్చినా సరిదిద్దుకునే వ్యవధి మిగులుతుంది.

పిచ్‌లో 500 అక్షరాలకు మించి రాయనివ్వరు. "హృదయాన్ని తాకే అద్భుతమైన పాట" అని రాస్తే వాళ్లకేమీ తెలియదు. పాట దేని గురించి, ఏ వాయిద్యాలు, ఏ ఊరి బ్యాండ్, విడుదల వారంలో మీరు ఏం చేయబోతున్నారు, ఇవి రాయండి. "విశాఖ హార్బర్‌లో పనిచేసే తండ్రి గురించి కొడుకు పాడే పాట, రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, చివర్లో డప్పు" అంటే వాళ్లకు ఒక బొమ్మ కనబడుతుంది.

డబ్బు తీసుకుని ప్లేలిస్టుల్లో వేస్తాం, పది వేల స్ట్రీమ్‌లు గ్యారంటీ అని ఇన్‌స్టాలో మెసేజ్‌లు వస్తాయి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అవి దొంగ స్ట్రీమ్‌లు. స్పాటిఫై వాటిని గుర్తిస్తే లెక్కలోంచి తీసేస్తుంది, డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా వేస్తుంది. ఆ జరిమానా మీ మీదకు రావచ్చు, పాటే దిగిపోవచ్చు.

8. విడుదల వారం

ఇన్‌స్టాగ్రామ్‌లో మీ ఖాతా బిజినెస్ రకంగా ఉంటే సంగీతం వాడకంపై పరిమితులుంటాయి, మీ పాట కూడా దొరకకపోవచ్చు. క్రియేటర్ రకానికి మార్చుకోండి. సాహిత్యాన్ని మ్యూసిక్స్‌మ్యాచ్ అనే పాటల సాహిత్యం సైట్‌లో తెలుగు లిపిలో ఎక్కించి, వరుసలను పాటతో కలపండి. పాట నడుస్తుంటే తెరమీద తెలుగు అక్షరాలు కదలడం చూస్తే కలిగే ఆనందం వేరు.

ప్రైవేటు ఎఫ్‌ఎంలలో దాదాపు అన్నీ సినిమా పాటలే, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రంలో యువతకు సంబంధించిన కార్యక్రమాల గురించి వెళ్లి అడగండి. గీతం, గాయత్రి విద్యాపరిషత్, ఏయూ లాంటి చోట్ల ఫెస్ట్‌లకు విద్యార్థి కమిటీలకు ముందుగానే రెండు పాటల వీడియో పంపండి. బీచ్‌లో స్పీకర్లతో పాడాలంటే పోలీసు అనుమతి తీసుకోండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. గిటార్, గొంతు మాత్రమే అయితే సాయంత్రం ఆర్‌కే బీచ్ కన్నా మంచి స్టేజీ ఈ ఊళ్లో లేదు.

9. విడుదలయ్యాక ఏం చూసుకోవాలి

శుక్రవారం పొద్దున్నే ఈ క్రమంలో చూడండి.

- మీది కాని ఫోన్‌లో పాట పేరు టైప్ చేసి వెతకండి. మీ ఫోన్ మీకు అలవాటైనదే చూపిస్తుంది.
- మీ పేజీలోనే పడిందా? వేరేవాళ్ల పేజీలో పడితే డిస్ట్రిబ్యూటర్‌కు లింకులతో వెంటనే రాయండి.
- పాట దగ్గర క్రెడిట్స్ తెరవండి. రచయిత, స్వరకర్త పేర్లు సరిగ్గా ఉన్నాయా?
- మొదటి నుంచి చివరిదాకా వినండి. చివర్లో తెగిపోవడం, మొదట్లో రెండు సెకన్లు నిశ్శబ్దం ఉండడం తరచూ జరిగేవే.
- ఇన్‌స్టాలో రీల్‌కు పాట దొరుకుతోందా? మొదటి రోజు రాకపోతే కంగారు పడకండి, అక్కడికి చేరడానికి కొన్ని రోజులు పట్టవచ్చు.
- వినిపించే పాట ఏదో చెప్పే షజామ్ యాప్‌తో పాటను పట్టించి చూడండి. ఇది కూడా ఆలస్యంగానే వస్తుంది.

నెల తర్వాత స్ట్రీమ్‌ల సంఖ్యను పక్కన పెట్టి, ఎంతమంది పాటను సేవ్ చేసుకున్నారో చూడండి. వందమంది వింటే పదిమంది దాచుకున్నారంటే నా ఉద్దేశంలో అది చాలా మంచి సంగతి. తర్వాతి పాటకు వచ్చేది ఆ పదిమందే.

10. డబ్బు

స్పాటిఫైలో గడచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకు రికార్డింగ్ డబ్బు లెక్కలోకి రాదు, 2024 నుంచి ఇదే నియమం. దాటినా డబ్బు మీ ఖాతాలో కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అమెరికా డిస్ట్రిబ్యూటర్ అయితే డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం నింపమంటుంది. పాన్ నంబరు ఇచ్చి, భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద అని ఎంచుకోండి. అమెరికాలో వచ్చిన రాయల్టీ మీద 30 శాతం బదులు 15 శాతమే కోస్తారు. చాలామంది ఈ పేజీ దాటేసి ఆ తేడా సొమ్ము వదులుకుంటున్నారు.

డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగ్ డబ్బు. సాహిత్యం, బాణీ డబ్బు కోసం రచయిత, స్వరకర్త ఇద్దరూ విడివిడిగా ఐపీఆర్‌ఎస్ అనే రాయల్టీ సంఘంలో సభ్యులు కావాలి. 1969లో మొదలైన ఈ సంఘం రేడియో, హోటళ్లు, స్టేజీ కార్యక్రమాలు, స్ట్రీమింగ్ సంస్థల నుంచి రచయితల వాటా వసూలు చేస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు. విడుదలైన పాట వివరాలు, పాన్, బ్యాంకు వివరాలు దగ్గర పెట్టుకోండి.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది. రుజువు గట్టిగా ఉండాలనుకుంటే సాహిత్యానికి 500, రికార్డింగ్‌కు 2,000 రూపాయల రుసుముతో కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు.

ఐపీఆర్‌ఎస్‌లో చేరి అక్కడితో ఆగిపోయేవాళ్లు ఎక్కువ. సభ్యత్వం వేరు, పాట నమోదు వేరు. కొత్త పాట వేసిన ప్రతిసారీ లాగిన్ అయి ఆ పాట పేరు, ఐఎస్‌ఆర్‌సీ, మొదటి అంచెలో కాగితం మీద రాసుకున్న వాటాల అంకెలు అక్కడ నమోదు చేయాలి. రచయిత ఒక అంకె, స్వరకర్త ఇంకో అంకె వేస్తే తేడా తేలేదాకా డబ్బు ఆగుతుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నింపండి.